ఇంజిన్ మన ఫియట్‌దే, విలువంతా రేకుది

ప్రీమియర్ పద్మిని బానెట్ ఎత్తితే కనిపించేది 1089 సీసీ ఇంజిన్. బోర్ (సిలిండర్ వెడల్పు) 68 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75 మిల్లీమీటర్లు. ఇటలీలో ఫియట్ కంపెనీ 1937లో తన 1100 కారుకు పెట్టిన ఇంజిన్ కొలతలు కూడా సరిగ్గా ఇవే. మనవాళ్లంతా ‘ఫియట్ కారు’ అని పిలుచుకున్న బండి, బొంబాయిలో నలుపు పసుపు రంగుల్లో 2023 దాకా ట్యాక్సీగా తిరిగిన బండి, ఆ ఇంజిన్ వంశాన్నే మోసుకొచ్చింది. మా నాన్న దగ్గరా ఒకటి ఉండేది. దాని ట్యాపెట్లు సర్దడం, కార్బురేటర్ విప్పి కడగడం మండల కేంద్రంలో ఉండే ఏ మెకానిక్‌కైనా కొట్టిన పిండి.

అదే వంశపు ఇంజిన్‌కి కాస్త పదును పెట్టి, 1947లో ట్యూరిన్ నగరంలో ఒక స్పోర్ట్స్ కారులో బిగించారు. ఆ కారు పేరు చిసితాలియా 202. అన్ని రకాలూ కలిపితే 170 దాకా తయారయ్యాయి. వాటిలో ఒకటి 1972 నుంచి న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వారి శాశ్వత సేకరణలో ఉంది. ఆ మ్యూజియం తన సేకరణలోకి తీసుకున్న మొట్టమొదటి కారు ఇదే. మిగిలినవి దొరికితే ఎంతకైనా కొనడానికి పాతకార్ల ప్రియులు సిద్ధంగా ఉంటారు.

ఇంతకీ వాళ్లు డబ్బు పెడుతున్నది దేనికి? ఇంజిన్‌కి కాదని పైన చెప్పిన కొలతలే తేల్చేస్తున్నాయి. గేర్‌బాక్సు, యాక్సిళ్లు, చాలా విడిభాగాలు అప్పటి మామూలు ఫియట్ నుంచి వచ్చినవే. మిగిలింది ఒక్కటే: పైనున్న అల్యూమినియం రేకు. మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉండే ఆ రేకును మనుషులు చేత్తో కొట్టి వంచారు. కారు విలువంతా ఆ వంపులోనే ఉంది. అలాంటి కారు బాగుచేయించడానికి పేరున్న వర్క్‌షాప్‌కి వెళ్తే మాత్రం ముందుగా ఊడదీసి పక్కన పడేసేది చాలాసార్లు ఆ రేకునే. ఇది తప్పు అని, మామూలు తప్పు కూడా కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు బాడీ కట్టడం అంటే ఏమిటో చెప్పాలి. విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్లకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. లారీ కొంటే కంపెనీ ఇచ్చేది చాసిస్ మాత్రమే: చక్రాలు, ఇంజిన్, స్టీరింగ్. డ్రైవరు దాన్ని అలాగే తోలుకొచ్చి ఆటోనగర్లో ఒక షెడ్డు ముందు ఆపితే అక్కడ బాడీ కట్టేవారు. ఓనరు అభిరుచి, ఎత్తబోయే సరుకు, మేస్త్రీ పనితనం, ఈ మూడూ కలిస్తే ఒక లారీ తయారయ్యేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఖరీదైన కార్ల పద్ధతి కూడా ఇంతే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్‌కి లండన్‌లోని బార్కర్ వాళ్లు బాడీ కట్టారు. ఇటలీలో మిలాన్, ట్యూరిన్, మోడెనా నగరాల్లో ఈ పనికి పెద్ద పెద్ద షాపులుండేవి. మిలాన్‌లో 1919లో ఊగో జగాతో మొదలుపెట్టిన షాపు, 1926లో ఫెలిచె బియాంకి అందెర్లోని నెలకొల్పిన టూరింగ్, ట్యూరిన్‌లో 1930లో బాత్తిస్తా ఫరీనా ప్రారంభించిన పినిన్ ఫరీనా. జగాతో విమానాల తయారీలో పనిచేసి వచ్చినవాడు, అందుకే బరువు తగ్గించడమే అతని ధ్యాస. టూరింగ్ వాళ్లు సన్నటి ఉక్కు గొట్టాలతో గూడు అల్లి, దానిమీద అల్యూమినియం రేకు తొడిగే పద్ధతికి పేటెంటు తీసుకుని ‘సూపర్‌లెజ్జెరా’ (అతి తేలిక) అని పేరు పెట్టారు.

ఇక చేతిపని. అల్యూమినియం రేకును సుత్తితో కొడుతూ పోతే అది గట్టిపడిపోతుంది. ఆ తర్వాతా కొడితే చీలుతుంది. అందుకని మధ్యమధ్యలో వేడిచేసి మెత్తబరచాలి. చిక్కంతా అక్కడే వస్తుంది. ఇనుము కాలితే ఎర్రబడి హెచ్చరిస్తుంది, అల్యూమినియం అలా రంగు మారదు. చూస్తూ చూస్తూ ఉండగానే కరిగి కింద పడిపోతుంది. పాతకాలపు పనివాళ్లు దానికొక ఉపాయం కనిపెట్టారు. రేకు మీద సబ్బుముక్కతో గీత గీసి గ్యాస్ మంట చూపిస్తారు. ఆ గీత ముదురు గోధుమరంగుకి తిరగ్గానే మంట తీసేస్తారు. రేకు చల్లారాక ఇసుక సంచి మీదో, చెక్క దిమ్మెలో తొలిచిన గుంట మీదో పెట్టి మళ్లీ కొడతారు. పక్కన చెక్కతో చేసిన అచ్చు ఉంటుంది. కొట్టిన ముక్కను తెచ్చి దానిమీద ఆనించి, ఎక్కడ తాకుతోందో ఎక్కడ తేలుతోందో చూసి మళ్లీ దిమ్మె దగ్గరికి. ముక్కలన్నీ కుదిరాక గ్యాస్ వెల్డింగ్‌తో అతికి, అతుకు కనపడకుండా సుత్తితో చదును చేస్తారు.

వంపు సరిగ్గా వచ్చిందో లేదో కన్ను చెప్పేదానికంటే అరచెయ్యి బాగా చెబుతుంది. మా ఊరి దగ్గర టింకరింగ్ షాపులో ఒక పెద్దాయన సొట్ట తీసిన డోరు మీద పల్చటి గుడ్డ పరిచి, దానిమీద అరచెయ్యి నెమ్మదిగా జరుపుతూ, వేరే ఎటో చూస్తూ ఉండేవాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగేది. అక్కడ చాక్‌పీసుతో సున్నా చుట్టేవాడు. నాకు ఎంత వంగి చూసినా అక్కడ ఏమీ కనిపించేది కాదు. ట్యూరిన్‌లో ఈ రేకులు కొట్టినవాళ్ల చేతులకూ ఆ పట్టు ఉండి తీరాలి. అది లేకుండా ఈ పని జరగదు.

చిసితాలియా కథ వెనక పియెరో దూసియో అనే ట్యూరిన్ వ్యాపారి ఉన్నాడు. రేసులంటే ప్రాణం పెట్టేవాడు, కొంతకాలం యువెంటస్ ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడు కూడా. యుద్ధం ముగియగానే, దేశమంతా శిథిలాల్లో ఉండగానే, రేసు కార్లు తయారు చెయ్యాలనుకున్నాడు. ఫియట్ ఇంజినీరు దాంతే జాకోసా చేత ఫియట్ భాగాలతోనే ఒంటరి సీటు రేసు కారు గీయించాడు. ఆ తర్వాత రోడ్డు మీద కూడా తిరిగే 202 వచ్చింది. దాని రూపకల్పనలో విమానాల గాలిశాస్త్రం తెలిసిన జొవాన్ని సవొనుత్సి పాత్ర పెద్దది. ఆ ఆలోచనకు తుదిరూపం ఇచ్చి రేకులో నిలబెట్టినది పినిన్ ఫరీనా షాపు.

2021లో న్యూయార్క్ మ్యూజియం వాళ్లు ‘ఆటోమేనియా’ అనే ప్రదర్శన పెట్టినప్పుడు ఆ కారును దగ్గర నుంచి చూశాను. ఫోటోల్లో చూసి ఊహించుకున్నదానికంటే చిన్నగా ఉంది. ఎత్తు నా ఛాతీ దాకా రాదేమో. దానికి ముందు తరం కార్లను గుర్తు చేసుకుంటే దాని గొప్పతనం తెలుస్తుంది. అప్పట్లో మడ్‌గార్డులు వేరు, బానెట్ ఒక పెట్టెలా వేరు, లైట్లు గిన్నెల్లా బయటికి వేలాడుతూ వేరు. ఇందులో అవన్నీ ఒకే చర్మంలో కలిసిపోయాయి. బానెట్ మడ్‌గార్డుల కంటే కిందికి దిగింది. ముందు చక్రం మీద లేచిన వంపు తలుపు మీదుగా మెల్లగా వాలిపోయి, వెనక చక్రం దగ్గర మళ్లీ లేస్తుంది. పక్కన నిలబడి ఒక్క అడుగు ముందుకు వేస్తే, పైన వెలుతురు ప్రతిబింబం ఆ వంపు పొడవునా జారుతుంది, మధ్యలో ఎక్కడా తెగదు. నేను అటూ ఇటూ నడుస్తూ ఆ వెలుతురునే చూస్తూ ఉండిపోయాను.

ఇదే మ్యూజియం 1951లో ‘8 ఆటోమొబైల్స్’ పేరిట ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శించింది. జీప్ కూడా వాటిలో ఉంది. నిర్వాహకుడు ఆర్థర్ డ్రెక్స్‌లర్ అప్పుడు కార్లను లోపల బోలుగా ఉండి దొర్లే శిల్పాలు అన్నాడు. చిసితాలియా విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. కార్ల చరిత్రలో దీనికంటే అందమైనవి వచ్చి ఉండొచ్చు. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి అందమైన కారూ దీనికి ఎంతో కొంత బాకీ ఉందని నేను నమ్ముతాను.

అందం ఒక్కటే కాదు, ఆ రేకు పనికొచ్చింది కూడా. 202 కూపే (టాపున్న రకం) బరువు 800 కిలోల లోపే. ఇంజిన్ శక్తి 50–55 హార్స్‌పవర్. ఇంత తక్కువ శక్తితో గంటకు 160 కిలోమీటర్లు దాటిందంటే అది గాలికి దారిచ్చిన రూపం చలవే. 1947 మిల్లె మిల్యా రేసులో పేరుమోసిన ఇటలీ డ్రైవరు తాత్సియో నువోలారి 202 టాపులేని రకం నడిపాడు. వయసు 54, ఆరోగ్యం అంతంత మాత్రం. బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి మళ్లీ బ్రెషియా చేరాలి, 1,800 కిలోమీటర్ల పైచిలుకు. చాలా దూరం అతనే ముందున్నాడు. చివర్లో కుండపోత వాన పడి ఇంజిన్ ఇగ్నిషన్ తడిసిపోవడంతో కాసేపు ఆగాల్సి వచ్చింది. గెలిచింది బియోందెత్తి నడిపిన 2900 సీసీ ఆల్ఫా రోమియో. నువోలారి రెండోవాడు. మా ఫియట్ కుటుంబపు 1100 ఇంజిన్, రెండున్నర రెట్లకు పైగా పెద్ద ఇంజిన్‌ని అంతసేపు వెనక నిలబెట్టిందన్నమాట.

దూసియో ఆశ అక్కడితో ఆగలేదు. గ్రాండ్ ప్రి రేసు కారు గీయించడానికి పోర్షె సంస్థను పెట్టుకున్నాడు. ఆ ఖర్చు కంపెనీని ముంచేసింది. ఆయన అర్జెంటీనా వెళ్లిపోయాడు. కార్లు కొద్దిగానే తయారవడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను.

పాత కారు కొనేవాళ్లు మొట్టమొదట అడిగేది నంబర్లు. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోయాయా? సరిపోతే ధర ఒకలా, లేకపోతే ఇంకోలా. ఫ్యాక్టరీలో మూసపోసి దించిన కారుకి ఈ లెక్క బాగానే ఉంటుంది. ఇంజిన్‌దే గొప్పతనమైన కారుకీ ఉంటుంది. చేత్తో బాడీ కట్టిన చిసితాలియాకి ఈ కొలబద్ద ఎందుకు? ఇంజిన్ దిమ్మ మీద చెక్కిన అంకెలు సరిపోవాలని అంత పట్టుబట్టేవాళ్లు, ముందు ఎడమ మడ్‌గార్డు 1948 నాటిదా లేక పదేళ్ల కింద కొత్తగా కొట్టించిందా అని ఎందుకు అడగరు? అది కొత్తదని తెలిసినా ‘అచ్చం అలాగే చేశారు కదా’ అని ఊరుకుంటారు. నంబరు లేని ఇంజిన్ కూడా అచ్చం అలాగే పనిచేస్తుంది, దానికి మాత్రం ఆ మాట వర్తించదు.

అచ్చం అలాగే అన్నది కూడా నిజం కాదు. ఆ కాలపు ఇటాలియన్ బాడీల కుడి ఎడమలు సమానంగా ఉండవు. ఒక మేస్త్రీ కుడివైపు, ఇంకొకరు ఎడమవైపు పనిచేసి ఉంటారు. ఒక లైటు ఇంకోదానికంటే కాస్త పైకి, ఒక చక్రం మీది వంపు కాస్త ఉబ్బుగా ఉంటాయి. పైగా 202లన్నీ ఒకే షాపులో కట్టలేదు. పినిన్ ఫరీనాతో పాటు వినియాలే, స్తబిలిమెంతి ఫరీనా షాపులు కూడా కొన్నిటికి బాడీలు కట్టాయి. ఇప్పుడు కారును స్కాన్ చేసి కంప్యూటర్లో ఒక పక్కను అద్దంలో తిప్పినట్టు రెండో పక్కకి వేసి, దాన్నిబట్టి అచ్చు కోయించి కొత్త రేకు కొట్టిస్తే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. తలుపు సందులు చుట్టూ ఒకే వెడల్పులో వస్తాయి. దానిమీద ఆనాడు ఎవరూ వెయ్యలేనంత మందాన, ఎవరూ తేలేనంత మెరుపుతో రంగు వేస్తారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. 1948లో ఎవరూ చూడని కారు అది.

పాత రేకు ఏమవుతుంది? ఎక్కువసార్లు తుక్కులోకి పోతుంది. దాని లోపలివైపు సుత్తి దెబ్బల గుర్తులుంటాయి. ఎక్కడ తేలిగ్గా కొట్టారు, ఎక్కడ సాగదీశారు, ఎక్కడ చీలితే అతికారు అన్నదంతా చదువుకోవచ్చు. ఆ పనివాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. యజమానుల పేర్లు, డ్రైవర్ల పేర్లు, గీసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కొట్టినవాడి సంతకం ఆ గుర్తులే. అది పోయాక ఆ మనిషి ఈ లోకంలో చేసిన పనికి ఆనవాలు ఉండదు. నాకు బాధ కలిగించేది ఇదే, ఇందులో రాజీపడలేను.

అవతలివాళ్ల వాదన నేను వినకపోలేదు. అల్యూమినియం, ఉక్కు ఆనుకుని ఉన్నచోట తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. టూరింగ్ పద్ధతి బాడీలకు ఇది పుట్టుకతో వచ్చిన రోగం. వెల్డింగ్ పక్కన పగుళ్లు వస్తాయి. రేసుల్లో తిరిగిన కారు ఎన్నిసార్లు గుద్దుకుందో, ఎన్నిసార్లు హడావుడిగా అతికారో లెక్కలేదు. కొన్నిచోట్ల పాత రేకు కంటే పుట్టీయే ఎక్కువ. అలాంటి చోట కొత్త ముక్క వెయ్యక తప్పదు, ఒప్పుకుంటాను. బ్రేకులు, వైర్లు, టైర్లు ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. ఈ కార్లు రోడ్డు మీద తిరగాలనే నేనూ కోరుకుంటాను. ఇప్పటి రెస్టోరేషన్ షాపుల్లో సుత్తి పట్టేవాళ్లు కూడా గొప్ప పనివాళ్లే, వాళ్లుండబట్టే ఈ విద్య బతికుంది. నేను అనేదల్లా ఒకటే. పాడైనంత మేరకే కోసి, అంత మేరకే కొత్తది అతకండి. అరచెయ్యంత పగులు కోసం మొత్తం మడ్‌గార్డు పారెయ్యకండి. వాళ్ల నైపుణ్యానికి అసలైన పరీక్ష కూడా పాతదాన్ని నిలబెట్టడంలోనే ఉంది. కొత్తగా కొట్టడం దానికంటే చాలా తేలిక.

బాడీ మారడమే ఆ కారు చరిత్ర అయిన సందర్భాలూ ఉన్నాయి. సినిమా దర్శకుడు రొబెర్తో రొస్సెల్లిని దగ్గరున్న ఫెరారీ 375 ఎంఎం మొదట పినిన్ ఫరీనా కట్టిన టాపులేని కారు. అది దెబ్బతిన్నాక మోడెనాలో సెర్జియో స్కాల్యెత్తి దానికి కూపే బాడీ కట్టాడు. 2014లో అమెరికాలోని పెబుల్ బీచ్ పాతకార్ల పోటీలో అత్యుత్తమ కారుగా గెలిచింది ఆ రెండో బాడీతోనే. అది సబబే. దాన్ని కట్టించింది ఆ కాలపు అవసరం, కట్టింది ఆ కాలపు చెయ్యి. అరవై ఏళ్ల తర్వాత పోటీలో మార్కుల కోసం కట్టించే బాడీ వేరు.

ఈ విషయంలో గాలి మారుతోంది, సంతోషం. పెబుల్ బీచ్‌లో రెస్టోర్ చెయ్యని కార్లకు 2001 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. 2024లో మొదటిసారి అలాంటి కారే, 1934 నాటి బుగాటి టైప్ 59, మొత్తం పోటీలో మొదటి బహుమతి తీసుకుంది. రంగు వెలిసిపోయి, అక్కడక్కడా ఊడిపోయిన కారు అది. అంతకుముందు 2015లో పారిస్ వేలంలో ఫ్రాన్స్‌లోని ఒక పొలంలో దొరికిన కార్లు అమ్మారు. పాత పత్రికల కట్టల కింద కప్పబడిపోయి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ దుమ్ముతోనే 1.63 కోట్ల యూరోలు పలికింది. దుమ్ము పట్టడం, తుప్పు పట్టడం గొప్ప అని మాత్రం నేను అనను. ఆ పొలంలోనే మిగతా ఎన్నో కార్లు రేకుల షెడ్ల కింద వానకు తడిసి గుల్లయిపోయాయి. పట్టించుకోకపోవడం వేరు, కాపాడుకోవడం వేరు. ఇప్పుడైతే కొత్త రంగును కావాలని గీకి, పాతదానిలా కనిపించేలా చేసేవాళ్లు కూడా బయల్దేరారు. అది పచ్చి మోసం.

రాతపూర్వకమైన నియమాలూ ఉన్నాయి. పాతకార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఒక ఒప్పందపత్రాన్ని ఆమోదించింది, దానికి పెట్టింది చిసితాలియా పుట్టిన ట్యూరిన్ పేరే. పురాతన కట్టడాల రక్షణకు 1964లో వెనిస్‌లో రాసుకున్న పత్రం దానికి స్ఫూర్తి. వీలైనంత తక్కువ మార్చాలనీ, మార్చిన భాగాలు ఏవో గుర్తుపట్టేలా ముద్ర వెయ్యాలనీ అందులో ఉంది. 2019లో ఇటలీలోని బొలోన్యా కోర్టు ఫెరారీ 250 జీటీఓ రూపాన్ని కళాఖండంగా గుర్తించింది. ఆ రూపాన్ని రేకులో కొట్టింది స్కాల్యెత్తి షాపు.

ఈ విద్య తిరిగి పెద్ద ఎత్తున పుట్టుకొచ్చే అవకాశమూ లేదు. 1950లో ఫియట్ 1400, 1953లో కొత్త 1100 చాసిస్, బాడీ కలిసిపోయిన ఒకే డబ్బాగా వచ్చాయి. విడి చాసిస్ లేకపోతే దానిమీద వేరేవాళ్లు బాడీ కట్టడం కష్టం. ఆ 1953 నాటి 1100 వారసురాలే మన పద్మిని. దాని బానెట్ కింద ఉన్నది చిసితాలియాని పరుగెత్తించిన ఇంజిన్ వంశమైతే, దాని డబ్బా మాత్రం చిసితాలియా లాంటివి కట్టే షాపుల పొట్ట కొట్టిన కొత్త పద్ధతి. టూరింగ్ 1966లో మూతపడింది.

అందుకే వేలం సంస్థలను, పోటీల న్యాయనిర్ణేతలను నేను కోరేది ఇది. ఇంజిన్ నంబరు రాసే పేజీలోనే బాడీ లెక్క కూడా రాయండి: ఏ ముక్క మొదటిది, ఏది తర్వాత వేసింది, ఎప్పుడు వేశారు, ఎవరు కొట్టారు. మడ్‌గార్డుల లోపలివైపు ఫోటోలు పెట్టండి. కోసి తీసిన పాత ముక్కల్ని కారుతో పాటే కొత్త యజమానికి అప్పగించాలని షరతు పెట్టండి. ఇప్పుడు సుత్తి పట్టినవాళ్ల పేర్లు ఆ కాగితాల్లో రాయండి, ఎందుకంటే 1947లో ఆ పని ఎవరూ చెయ్యలేదు.